వెనుకకు దీసికొనిన నవల

స్టీఫెన్ కింగు పేరు ఆంగ్ల నవలలు చదువు మన యువకులకు చిరపరిచితము. భూతప్రేతములను, మనుష్యుని మనసులోని భూతప్రేతములను గూడ వర్ణించి కోట్లకొలది ప్రతులు చెల్లించుకొనిన అమెరికా రచయిత యాతడు. 2013వ సంవత్సరము జనవరి నెలలో ఈయన 'గన్స్', అనగా 'తుపాకులు', అను నొక చిన్న వ్యాసమును ప్రకటించెను. కిండిల్ యంత్రముపై చదువుకొనుటకై 99 సెంట్ల వెలకు విడుదల చేసిన ఇరువదియైదు పుటల రచన యిది. దానిపై వచ్చు లాభమును తుపాకుల నియమమునకై పాటుపడు బ్రేడీ సంఘమున కర్పించెను. అంతకు ఆరు వారములకు ముందు, 2012 డిసెంబరు 14వ తేదీన, కనెక్టికట్ రాష్ట్రమున న్యూటౌన్ పట్టణములోని శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో ఒక యువకుడు ఆరేడేండ్ల పసిబిడ్డలను ఇరువదిమందిని, వారిని కనిపెట్టియున్న స్త్రీలను ఆరుగురిని కాల్చి చంపెను. ఆ నెత్తుటి తడి యారకముందు వ్రాసిన వ్యాస మిది.

పదేండ్లు దాటిన ఈ చిన్న రచనను ఇప్పుడు విమర్శకు దీసికొనుటకు రెండు కారణములు గలవు. మొదటిది, ఇందులో నడచిన వాదము నేటికిని తీరలేదు. రెండవది, ఆ దేశము మనకు దూరదేశము కాకపోవుట. తెలుగునాట ఏ యూరికి బోయినను బిడ్డ యొకడో యొకతెయో అమెరికాలో నున్న ఇల్లు కనబడుచున్నది. 2017 ఫిబ్రవరి 22వ తేదీన కాన్సస్ రాష్ట్రములోని ఓలేతే పట్టణమున, పనిముగించుకొని మిత్రునితో ఫలహారశాలలో గూర్చున్న మన హైదరాబాదు ఇంజనీరును ఒకడు జాతిద్వేషముతో కాల్చి చంపెను. 2023 మే 6వ తేదీన టెక్సాస్ రాష్ట్రములోని అలెన్ పట్టణపు అంగడి సముదాయమున ఎనమండుగురు కూలగా వారిలో మన యాడుబిడ్డ యొకతె, ఆమెయు ఇంజనీరే. మన పత్రికలు శోకమును ప్రకటించినవి, జాతిద్వేషమును ఖండించినవి, శవము స్వదేశమునకు చేరు తేదీని ప్రకటించినవి. ఆ చేతిలోనికి ఆ తుపాకి యెట్లు వచ్చెనని విచారించిన వ్యాసములు మాత్రము మాకు మిక్కిలి తక్కువగా కానవచ్చినవి. కావున ఆ విచారణను తన యింటినుండి మొదలుపెట్టిన యొక రచయిత మాటలను పరీక్షించుట వ్యర్థము కాదని తలచితిమి.

తన యింటినుండి యనుటలో అతిశయోక్తి లేదు. ఈ వ్యాసమునకు ప్రాణము కింగు స్వయముగ వ్రాసి, స్వయముగ అంగడినుండి తొలగించిన యొక నవల చరిత్రము. దాని పేరు 'రేజ్', అనగా పట్టరాని యుద్రేకము. పాఠశాలలో చదువుకొనునాడే ఆరంభించి, తరువాత పూర్తిచేసి, 1977లో రిచర్డ్ బాక్‌మన్ అను మారుపేరుతో వెలువరించెను. 1985లో బాక్‌మన్ పేరనున్న నాలుగు నవలలను ఒక్క సంపుటముగా గూర్చినప్పుడు ఇదియు నందు చేరెను.

కథ చిన్నది. చార్లీ డెకర్ అను విద్యార్థి ప్రధానోపాధ్యాయునితో కలహించి, తన బీరువాకు నిప్పుపెట్టి, పిస్తోలు చేతబట్టుకొని బీజగణితపు తరగతిలో బ్రవేశించి ఉపాధ్యాయినిని కాల్చును. వెంటనే మఱియొక ఉపాధ్యాయుని గూడ చంపును. అటుపిమ్మట తలుపులు మూసి తోడి విద్యార్థులను నిర్బంధించును. ఇంతవరకు ఘోరము. ఇకమీద జరుగునది ఘోరతరము. ఏలయన నది రమణీయముగా నున్నది. నిర్బంధింపబడిన పిల్లలు భయపడుట మాని ఒకరి వెనుక నొకరు లేచి తమ తమ ఇండ్లలోని రహస్యములను, సిగ్గులను, తలిదండ్రులపైని కసిని వెళ్లబోసికొందురు. తుపాకి పట్టినవాడు వారికి గురువై, వైద్యుడై, తుదకు నాయకుడై కూర్చుండును. వానికి లొంగని పెద్దమనిషి తరహా కుఱ్ఱ డొకడు, టెడ్ జోన్స్ అనువాడు, ఆ తరగతి చేతనే చావుదెబ్బలు తిని మతిచలించి పడిపోవును.

నవలగా దీనికి బలము లేకపోలేదు. పదునేడేండ్ల పిల్లవాని కంఠము ఇందులో అబద్ధముగా వినబడదు. తండ్రియెడల వానికిగల భయద్వేషములు చదువరి గుండెను తాకును. కాని మాకు దీనియందు కనబడిన పెద్దలోపము నీతికి సంబంధించినట్లే శిల్పమునకును సంబంధించినది. కాల్చబడిన ఉపాధ్యాయిని దేహము ఆ గదిలోనే, ఆ పిల్లల కన్నుల యెదుటనే, కథ నడచినంతసేపును పడియుండును. పిల్లలు ఆమెను మఱచిపోవుదురు. వారు మఱచినందుకు రచయితను నిందింపము. మఱచువారును లోకమున నుందురు. రచయితయే మఱచెను. ఆమెకు ఇల్లున్నదా, ఆ సాయంకాలము ఆమెకై యెదురుచూచువా రెవరు, ఆమె ఆ గణితమును ఎన్నేండ్లుగా చెప్పుచుండెను అను చింత ఆ నవలలో చోటు సంపాదించుకొనలేదు. చంపినవానికి పుటలకొలది బాల్యమున్నది. చచ్చినదానికి బల్లప్రక్కనున్న నేల మాత్రము మిగిలినది. ఒకసారి కాల్చినచో లోకము నిశ్శబ్దమై నా మాట వినును అను కుఱ్ఱవాని పగటికలను ఈ నవల నిజముచేసి చూపినది. విషమున్నచో నిందున్నది, నెత్తుటి వర్ణనలో లేదు. నెత్తురు వర్ణించు పుస్తకములు ప్రపంచమున కోకొల్లలు. హంతకునికి సభను గూర్చిపెట్టు పుస్తకములు కొన్నియే.

ఆ కలను నమ్మినవారు దొరకిరి. 1988లో కాలిఫోర్నియాయందును, 1989లో కెంటకీయందును ఇద్దరు విద్యార్థులు తుపాకులతో తరగతులను నిర్బంధించిరి. దైవవశమున ఆ రెండును ప్రాణనష్టము లేక ముగిసినవి. 1996 ఫిబ్రవరి 2న వాషింగ్టన్ రాష్ట్రమున మోజెస్ లేక్ అను నూర పదునాలుగేండ్ల బాలుడు బీజగణితపు తరగతిలో ఉపాధ్యాయినిని, ఇద్దరు విద్యార్థులను చంపెను. 1997 డిసెంబరు 1న కెంటకీలో పడూకా సమీపమున హీత్ హైస్కూలులో ఉదయప్రార్థనకై గుమిగూడిన పిల్లలపై ఒక బాలుడు ఎనిమిది గుండ్లు కాల్చగా ముగ్గురు బాలికలు మృతినొందిరి, ఐదుగురు గాయపడిరి. వాని బీరువాలో బాక్‌మన్ సంపుటము దొరకినది. కింగు తన వ్యాసములో ఈ నలుగురి పేర్లను వ్రాసెను. మేము వ్రాయము. ఇట్టివారిలో కొందఱు తమకు ముందటివారి పేర్లను మంత్రమువలె జపించినవారని విచారణలలో తేలినది. ఆ జపమాలకు మఱియొక పూసను గ్రుచ్చుట మాకిష్టము లేదు.

హీత్ వార్త వినినపిమ్మట కింగు ఆ నవలను మఱల ముద్రింపవలదని ప్రకాశకులను కోరెను. తరువాతి ముద్రణములలో నాలుగు నవలల సంపుటము మూడు నవలల సంపుటమైనది. ఎవరును ఆజ్ఞాపింపలేదు, ఏ న్యాయస్థానమును తీర్పుచెప్పలేదు. చెప్పియుండెడిది కాదనుటకు నిదర్శనమును గలదు: హీత్‌లో బిడ్డలను పోగొట్టుకొనిన తలిదండ్రులు చలనచిత్రముల వారిపైని, యంత్రక్రీడల వారిపైని వేసిన వ్యాజ్యమును 2002లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము నిలువదని త్రోసివేసెను. చట్టము తన ప్రక్క నుండగా తన సొత్తును తానే విడుచుకొనుట ఈ కథలోని గౌరవము. మన వీరేశలింగము పంతులుగారు వితంతు వివాహమును గూర్చి ఉపన్యసించి యూరకుండక 1881లో రాజమహేంద్రవరమున పెండ్లి పందిరి వేయించిరి గదా. చేసి చెప్పువాని మాటకును, చెప్పి చేయనివాని మాటకును గల భేదమును తెలుగు చదువరికి క్రొత్తగా నేర్పనక్కరలేదు.

కింగు తన చర్యకు జెప్పిన సమాధానము ఇది. నా పుస్తకము ఆ పిల్లలను విఱుగగొట్టలేదు, వారు అంతకుముందే విఱిగియుండిరి. అయినను నిప్పుపెట్టు బుద్ధిగల బాలుని చేతికందునట్లు పెట్రోలు డబ్బాను ఎవడు నుంచును? అందుచేత తీసివేసితిని. ఇచ్చటనుండి ఆయన తుపాకులవైపునకు దిరుగును. వాక్స్వాతంత్ర్యమను హక్కు నాకుండగా నేను వెనుకకు తగ్గితిని. ఆయుధములు ధరించు హక్కును పట్టుకొని వ్రేలాడు పెద్దలు అట్లే తమంతట తాము తగ్గనంతవరకు యుద్ధపుతుపాకులు పిచ్చివారి కందుచునే యుండును అని ఆయన ముగింపు. వ్యాసమంతయు ఈ యుపమానముపై నిలిచియున్నది గనుక దీనిని తట్టి చూడవలెను.

మొదట ఒక చిన్న అభ్యంతరము. పుస్తకమునకు కర్త యొకడు, హక్కుదారుడును అతడే, అతడు వలదనిన ముద్రణ నిలిచిపోవును. తుపాకికి కర్త లేడు. 2018లో ప్రకటితమైన స్మాల్ ఆర్మ్స్ సర్వే లెక్కను బట్టి ఆ దేశపు పౌరులచేత నున్న ఆయుధములు సుమారు 39 కోట్లు, జనసంఖ్యకంటె నెక్కువ. వీనిని 'వెనుకకు దీసికొను' చేయి యెవరిది? ఆ మాటకు వచ్చిన, 'రేజ్' నవలయు నిజముగా వెనుకకు రాలేదు. క్రొత్తముద్రణ నిలిచినది, పాతప్రతులు పాతపుస్తకముల యంగళ్లలో తొల్లిటికంటె హెచ్చువెలకు పోవుచున్నవి. అమెరికావారు 1994లో చేసిన యుద్ధపుతుపాకుల నిషేధచట్టమును సరిగా నిట్టిదే: క్రొత్తవి అమ్మరాదనెను, అంతవఱకున్నవానిని ముట్టుకొనలేదు, పదేండ్ల గడువుతీరి 2004లో తానే చచ్చిపోయెను. ఆస్ట్రేలియావారు చేసినది వేఱు. 1996 ఏప్రిలు 28న టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థరున ముప్పదియైదుగురు హతులుకాగా, రెండువారములు నిండకముందే అన్ని రాష్ట్రములును ఒక ఒడంబడికకు వచ్చి, ప్రభుత్వము వెలయిచ్చి సుమారు 6,50,000 తుపాకులను కొని నాశనము చేసెను. అంతటితో ఆ దేశమున ఘోరములు అంతరించినవని చెప్పరాదు, అరుదైనవి. వెనుకకు దీసికొనుట యను మాటకు పూర్తి యర్థము అది. కింగు ఆస్ట్రేలియాను మెచ్చుకొనెనే కాని, తాను కోరినది మాత్రము 1994 నాటి రకమే.

ఆయన కోరినవి మూడు: తుపాకి కొనువారందఱి పూర్వచరిత్రమును విచారించుట, పది గుండ్లకు మించి పట్టు మాగజీనుల అమ్మకమును ఆపుట, యుద్ధపుతుపాకుల అమ్మకమును ఆపుట. ఇవి మూడును మంచివేయని మా తలంపు. రెండవదానికి ప్రత్యక్షనిదర్శనము గలదు. 2011 జనవరి 8న అరిజోనాలోని టూసన్ పట్టణమున ముప్పదిమూడు గుండ్ల మాగజీనుతో వచ్చిన హంతకుడు ఆరుగురిని చంపి, రెండవ మాగజీను తొడుగుకొనబోవు తరుణమున ప్రక్కనున్న సామాన్యజనుల చేతికి చిక్కెను. ఆ తరుణము పది గుండ్లకే వచ్చియుండిన నెందఱు బ్రదికియుందురో లెక్కింపవచ్చును.

అయినను ఈ మూడింటిని హీత్ హైస్కూలు వాకిట నిలువబెట్టి చూడుడు. ఆ బాలుడు తుపాకిని కొనలేదు. పొరుగింటివారి గారేజినుండి దొంగిలించెను. కావున పూర్వచరిత్ర విచారణ వానికి తగులదు. వాడు కాల్చినవి ఎనిమిది గుండ్లు. పదింటి మితి వానికి తగులదు. వాని చేతనున్నది చిన్న .22 పిస్తోలు, యుద్ధపుతుపాకుల నిషేధము వానికి తగులదు. ఏ దుర్ఘటనకు మనసుకరగి కింగు తన నవలను త్యజించెనో, ఆ దుర్ఘటననే ఆయన కోరిన చట్టములలో నొక్కటియు నాపజాలకపోయెడిది! ఆపగలిగినది మఱేమి? పొరుగింటి బీరువాకు తాళము. ఆయన వాడిన ఉపమానము ఆ తాళమునే చూపుచున్నది. నిప్పుపెట్టు బాలుని కందునట్లు డబ్బా నుంచరాదనుట నిలువచేయువాని ధర్మమును గూర్చిన మాట. అమ్మువానిని గూర్చిన మాట కాదు. రచయిత తన డబ్బాను లోపల పెట్టుకొనెను. కాని పొరుగువాని గారేజి తలుపువైపు ఆయన కోరికల పట్టిక తిరిగి చూడలేదు. ఉపమానము రచయితకంటె ఒక యడుగు ముందు నడచుట సాహిత్యమున నప్పుడప్పుడు జరుగుచుండును, ఇచ్చట జరిగినది.

తాళము మాట అల్పముగా దోచవచ్చును. కాని ఈ పదేండ్లలో న్యాయస్థానములు నడచినదారి అటే. మిషిగన్ రాష్ట్రమున ఆక్స్‌ఫర్డ్ హైస్కూలులో 2021 నవంబరు 30న నలుగురు విద్యార్థులు హతులైరి. చంపిన బాలునికి పిస్తోలు దొరకునట్లు చేసిన తలిదండ్రులను 2024లో జూరీలు దోషులుగ నిర్ణయించినవి. ఒక్కొక్కరికి పదినుండి పదునైదేండ్ల కారాగారము పడెను. తుపాకి హక్కును ప్రాణముగా జూచుకొను రైతుగూడ తన పెట్టెకు తాళము వేయుమనిన స్వాతంత్ర్యము పోయెనని యేడ్వలేడు. ఉభయపక్షములవారును గూర్చుండి మాటాడుకొనదగిన మెట్టు ఏదైన నున్నచో నిదియే. మఱియొకటి. సామూహిక హత్యలు వార్తల కెక్కుచున్నవి. 2021లో ఆ దేశమున తుపాకివలన మడసినవారు 48,830 మంది కాగా అందు 26,328 మంది తమ్ము తామే కాల్చుకొనినవారు. ఆ సంఖ్యను తగ్గింపగల పనిముట్లలో గూడ తాళము మొదటివరుసలోనిది. ఒక క్షణపు దుఃఖమునకును చేతికందు ఆయుధమునకును నడుమ పది నిమిషముల యెడము కల్పించినచో ఆ క్షణము గడచిపోవచ్చును.

ఆయన కోరికల గతి యేమైనదో చెప్పి ముందునకు సాగుదము. 2013 ఏప్రిలు 17న పూర్వచరిత్ర విచారణను విస్తరించు సవరణ సెనేటునకు వచ్చెను. అనుకూలురు 54, ప్రతికూలురు 46. అచ్చటి సంప్రదాయము ననుసరించి అఱువది లేనిది సాగదు గనుక, ఎక్కువమంది యొప్పుకొనినదియే యోడిపోయెను. మిగిలిన రెండును ఆనాడే పోయినవి. 2022 మే 24న టెక్సాసులోని యువాల్డీయందు పందొమ్మిదిమంది పిల్లలును ఇద్దరు ఉపాధ్యాయినులును బలియైన పిమ్మటనే, జూను 25న, ఇరువదియొక్క యేండ్లు నిండని కొనుగోలుదారుల విచారణను కఠినముచేయు నొక మధ్యరకపు చట్టము వచ్చినది. దానికి రెండు దినములకు ముందు సుప్రీముకోర్టువారు, బహిరంగస్థలములలో పిస్తోలు ధరించుటకు న్యూయార్కు రాష్ట్రము పెట్టిన నిర్బంధమును కొట్టివేసిరి. ఒకచేత నిచ్చి మఱియొకచేత దీసికొనుట యన నిదియే.

ఇక వ్యాసములోని మిక్కిలి బలహీనమైన భాగము. అమెరికావారు హింసాప్రియులు, వారి చలనచిత్రములును పుస్తకములును హింసామయములు, తుపాకిది తప్పుకాదు, సంస్కృతిది తప్పు అని తుపాకిపక్షమువారు చెప్పు వాదమును కింగు ఖండించుటకు పూనుకొనెను. ఆ యేటి జనాదరణ పొందిన చిత్రములను, పుస్తకములను చూపి, వీనిలో తుపాకి కాల్పులెక్కడ అని యడిగెను. ఇది వకీలు ప్రశ్న, విమర్శకుని ప్రశ్న కాదు. పదికోట్లమంది యేమి చూచిరన్నది పదికోట్లమంది రుచిని దెలుపును. హంతకులు ఆ పదికోట్లలోనివారు కారు, ఒంటివారు. ఒంటివాడు జనాదరణ పట్టికలో లేని పుస్తకమును వెదకి చదువును; ఆ సంగతి 'రేజ్' కర్తకంటె నెక్కువ యెఱిగినవా డెవడు? ముందు పుటలలో నా పుస్తకము నిప్పును రాజవేయగలదని భయపడి, వెనుక పుటలలో పుస్తకములతో నిప్పునకు సంబంధము లేదన్నట్లు వ్రాయుట పొసగదు. మేమైతే ఈ వాదమును వేఱుగా నడిపియుందుము. అవే చలనచిత్రములు లండనులోను, టోక్యోలోను, టొరంటోలోను ఆడుచున్నవి. అచ్చటను కోపిష్ఠులైన పిల్లలున్నారు, ఒంటివారున్నారు. స్కాట్లండులోని డన్‌బ్లేన్ పాఠశాలలో 1996 మార్చి 13న పదియాఱుగురు పసివాండ్రు, వారి ఉపాధ్యాయిని హతులుకాగా బ్రిటిషువారు మఱుసటి యేటనే చేతితుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించిరి. పిల్లలు చూచు చిత్రములను మాన్పించలేదు. ఉద్రేకము ఎల్లదేశములందును ఉన్నది. అది చేయి చాపినప్పుడు అందునది దేశమునకొక తీరుగానున్నది.

కింగు శైలినిగూర్చియు నొకమాట చెప్పక తప్పదు. ఆయన తనయొద్ద మూడు చేతితుపాకులున్నవని చెప్పుకొని తుపాకిదారుల ముంగిట స్నేహితునివలె కూర్చుండును. పుట తిరుగకముందే వారి నాయకులను బజారుభాషలో తిట్టిపోయును. తిట్లలో చమత్కారమున్నది, ఉప్పుకారము లున్నవి. మన పంతులుగారును 'బ్రహ్మవివాహము'న ముసలిపెండ్లికొడుకులను, 'వ్యవహారధర్మబోధిని'లో వకీళ్లను నవ్వుపాలు చేసిరి. కాని వకీళ్లను నవ్వించి వారిచేతనే వకీళ్ల దోషములను విడిపింపవలెనని ఆ ప్రహసనము వ్రాసినవారు కారు. వారిని జూచి భయపడు ప్రజలకు ధైర్యము గల్పించుటకు వ్రాసిరి. కింగు వ్రాసినది తుపాకిదారుల మనసు మార్చుటకని ఆయనే యనుచున్నాడు. మనసు మార్చుకొనుమని వేడుకొనునప్పుడు గడ్డము పట్టుకొందురు కాని జుట్టు పట్టుకొనరు. తెల్లవారినది మొదలు నగరములను నిందించుటకు అలవాటుపడిన పల్లెటూరి అమెరికాయువకుడు, పోలీసు రావలెనన్న ముప్పావుగంట పట్టుచోట బ్రతుకువాడు, ఈ వ్యాసమున రెండవ పుటనుండి ముందునకు బోవునని మేము నమ్మజాలము.

ఆ యువకునియందు మనము కొంత యోపిక చూపవలసియున్నది. ఆయుధము హక్కనుట మన పెద్దలకును వింతగా దోచినమాట కాదు. 1878 నాటి ఆయుధచట్టమువలన తెల్లవానికి తుపాకియు నల్లవానికి కఱ్ఱయు మిగిలిన దినములలో ఆ చట్టమును దేశాభిమానులందఱును అవమానముగా దలచిరి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి కొనిపోయినవి తుపాకులే గాని ధనము గాదు. 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానించిన పౌరహక్కులలో నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కు ఒకటి. తరువాత, 1948లో రాజ్యాంగసభయందు కామతుగారు ఆ హక్కును చేర్పవలెనని సవరణ దెచ్చినప్పుడు సభవా రంగీకరింపలేదు. పదునేడేండ్లలో మనదేశము ఒక యొడ్డునుండి మఱియొక యొడ్డునకు జేరినది. రాజ్యము పరులదిగా నున్నంతకాలము తుపాకి హక్కుగను, రాజ్యము తనదైనపిమ్మట తుపాకి బాధ్యతగను కనబడుట సహజము. అమెరికా యువకునికి రెండువందలయేండ్ల తరువాతను రాజ్యము తనదని తోచకపోవుట యేమి? కింగు ఈ ప్రశ్నను అడిగియుండిన వ్యాసము రెండింతలు లోతుగా నుండెడిది. 1791 నాటి రెండవ సవరణను గూర్చియు, 2008లో సుప్రీముకోర్టు దాని కిచ్చిన యర్థమును గూర్చియు వకీళ్లు చర్చింతురు గాక. నవలాకారుడు చూడవలసినది ఆ యనుమానము పుట్టుచోటును.

ఇన్ని లోపములెన్నిన పిమ్మటను ఈ వ్యాసమును చదువుమనియే చదువరులకు జెప్పుచున్నాము. ముఖ్యముగా దాని మొదటి భాగమును. అందు కింగు ఒక సామూహిక హత్య జరిగినది మొదలు వార్తాప్రసారములు నడచు క్రమమును వరుససంఖ్యలు వేసి, ఉద్రేకమునకు లోనుగాక, వంటలపుస్తకములో వలె చెప్పుకొనిపోవును. తొలివార్త, తప్పువార్త, దిద్దుబాటు, పాఠశాలలో దీసిన హంతకుని ఛాయాచిత్రము, ఏడ్చుచున్న జనము, నిపుణులు, రాజకీయనాయకులు, ఇతర వార్త యొకటి వచ్చి దీనిని త్రోసివేయుట, మఱల మొదటినుండి ఆరంభము. వ్యాసము మొత్తమున తిట్టు లేని భాగమిదియే. మిక్కిలి గాయపఱచు భాగమును ఇదియే. బాక్‌మన్ నవలలో చచ్చిన ఉపాధ్యాయినిని మఱచిన కలము, ముప్పదియేండ్లు దాటినపిమ్మట, దేశమంతయు చచ్చినవారిని ఎన్నవ మెట్టునొద్ద మఱచుచున్నదో లెక్కపెట్టుచున్నది.

ఈ వ్యాసమును తెనుగున దెచ్చు తలంపుగలవా రెవరైన నున్నయెడల మా మనవి యొకటి. ఆ వరుససంఖ్యలను వాక్యములలో గలిపి సాఫీ చేయక, ఉన్నవి ఉన్నట్లే యుంచవలెను. మన యిండ్లలోని దూరదర్శినులయందు ఓలేతే వార్తయు, అలెన్ వార్తయు ఏ మెట్టువరకు వచ్చి నిలిచిపోయినవో చదువరులు తామే ప్రక్కన గుఱుతుపెట్టుకొందురు.